రెండొందల పన్నెండో వరుస

మార్చి పదో తారీకున కంపెనీ నా తాళంచెవి వెనక్కి తీసుకుంది.
రెండు వాక్యాల ఉత్తరం. మొదటిది కృతజ్ఞత, రెండోది కాదనడం.
మూడేళ్లు తవ్విన బావి మీద ఎవరో బండ పరిచినట్టు
నా నాలుగో అధ్యాయం అక్కడే ఆగింది.

గైడు అన్నారు: తలుపు మూస్తే గడపల దగ్గరికి వెళ్లు.
నౌపడలో చిన్న రైలెక్కాను.
పాతపట్నం దాటగానే ఫోను ఒకసారి వణికి
ఒడిశాకి స్వాగతం చెప్పింది.
కింద ఏటి ఇసకలో కుర్రాళ్లు బంతాట ఆడుతున్నారు,
ఏ రాష్ట్రం వాళ్లో.

పర్లాకిమిడి, కొమ్ముపని వాళ్ల వీధి వెనక సందు.
సమ్మతి పత్రాలు మూడు లిపుల్లో అచ్చేసుకొచ్చాను.
మూడూ చదవని తవిటమ్మ
ఎండుచేపల బుట్ట పక్కకి జరిపి
"ఏటి కావాల్నమ్మా? పోన్లో ఊసులా?
రాసుకుని ఏటి సేత్తావు?"
లెక్కపెడతాను, అన్నాను.
"ఊసుల్నా?" నవ్వింది. "లెక్కెడితే తరగవూ?"

ఆమె ఫోనులో వార్డు గుంపులు పదకొండు.
నోటీసులు ఒడియాలో, వేళాకోళాలు తెలుగులో,
బెదిరింపులు రెండూ కలిసిన ఆ సందు భాషలో.
నా ప్రోగ్రాం ఆ భాషకి పెట్టిన పేరు: ఇతరములు.
గొంతు సందేశాలకి ఆ పేరు కూడా లేదు. సున్నా.
అవీ ఏ రాత్రివి ఆ రాత్రే తుడిచేస్తుందట.
"జాగా సాల్దు గుంటా. సద్దికూడు దాసుకుంటామేటి?"

లాప్‌టాప్ మూశాను.

అప్పుడు మొదలెట్టింది.
పొలుసులంటిన చెయ్యి మోకాలి మీద వేసుకుని, కళ్లు మూసుకుని,
ఎన్నికల నెలలో విన్నవన్నీ, ఏ గొంతుకి ఆ గొంతు:
పెద్దమనిషి దగ్గు, మధ్యలో మోటారుసైకిలు,
కాలేజీ కుర్రాడి తొందర, వెనకాల కుక్కర్ కూత,
బియ్యం కార్డు మీద ఒట్టు,
అవతలి వీధి వాళ్ల మీద అల్లిన ఒక కథ,
మొదటిరోజు దూడ పోయిందని,
మూడోనాటికి పిల్ల పోయిందని.
అబద్ధం ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుందో
ఏ సర్వరూ నాకు చెప్పలేదు ఇన్నాళ్లూ.

రాస్తూ పోయాను. రెండొందల పదకొండు. రెండొందల పన్నెండు:
"బూతులో కెమేరా ఎట్టినారు, ఏలు ఎటెళ్లిందో అగుపడిపోద్ది.
మాకెయ్యకపోతే పింఛన్లో పేరు ఉండదు, ముసిలోళ్లందరికీ సెప్పు."

ఇది చెప్పి ఆగింది. చాలాసేపు.

"ఈ గొంతెవులిదో నీ బుక్కులో తెలుస్తాదా?"
పేర్లుండవు, అంకెలే, అన్నాను. దానికో ఎథిక్స్ కమిటీ ఉంది.
"పేరు నేకపోతే మాత్రం?
ఈ సందులో ఇన్నోళ్లకి ఆ మాట ఇరుపు సాలు."

గోడ మీద ఫోటోలో నల్లకళ్లద్దాల కుర్రాడు.
ముక్కు ఆమెదే.
నేనేం అడగలేదు.

"అదొక్కటీ తీసీమ్మా. మిగిల్నవి నీవే."

కంపెనీ కాదన్నప్పుడు
పదిహేనుమంది పరిశోధకుల చేత సంతకాలు పెట్టించి రాశాను:
సమాచారం జనానిది, మూసే హక్కు మీకెక్కడిది?
ఆ వాక్యమంటే ఇప్పటికీ ఇష్టమే.
తవిటమ్మ ముందు దాన్ని ఒకసారి పెట్టి చూశాను, లోలోపలే.
ఎండుచేపల వాసనలో అది నిలబడలేదు.

అధ్యాయానికంతటికీ వెన్నెముక అదేనని తెలుసు.
కొట్టేశాను.
ఒక గీత కాదు, కాగితం నల్లబడేదాకా.

తిరుగు రైల్లో, టెక్కలి దాటాక, పట్టికలో
ఆ వరుస దగ్గర "కారణం" అనే గడి అడ్డొచ్చింది.
ఖాళీగా వదిలితే గైడు అడుగుతారు.
మెమరీ నిండిపోయింది, అని టైపు చేశాను.

ఒళ్లో ఆమె కట్టిచ్చిన నెత్తళ్ల పొట్లం.
విప్పితే, చుట్టిన కాగితం నా సమ్మతి పత్రమే,
ఒడియా లిపిది,
సంతకం చోట ఉప్పు మరక.