ఖానా

చూపుడువేలుకు ఇంత, కన్నుకు ఇంత–
లేబర్ ఆఫీసుల గోడకు పట్టీ ఉన్నది.
గుమాస్తా నన్ను మీదికెల్లి కిందిదాంక చూసిండు.
"నీకేం పోయింది మొగులయ్యా?
అన్నీ ఉన్నయి గద."

ఉన్నయి సార్.
పది వేళ్ళు ఉన్నయి. గా వేళ్ళతోనే
జీడిమెట్ల మూడో షెడ్డుల
దస్తగిరి భుజం తట్టి
"వాల్వు జర చూడు, చాయ్ తాగొస్త" అన్న.
గ్లాసు సగం గాకముందే రియాక్టర్ పేలింది.

అప్పటిసంది మా ఇంట్ల కుక్కర్ లేదు.
పప్పు గిన్నెల గంటన్నర ఉడుకుతది.
మా ఆమె ఏమనదు,
గ్యాస్ మాత్రం నెల తిరగకముందే ఒడుస్తది.
షాపూర్‌నగర్ల బరాత్ వస్తే
బీరువా పక్కకు నక్కుత.
చిన్నది ఉరికొచ్చి నా చెవులు మూస్తది,
దానికి ఆరేండ్లు.

ఈఎస్ఐ డాక్టరమ్మ ఏందో రాసిచ్చింది.
గా కాయితం అటు తిప్పి ఇటు తిప్పి
"దీనికి ఖానా లేదు" అన్నడు గుమాస్తా.

దస్తగిరి పెండ్లాం ఫారానికి
సాక్షి సంతకం నేనే పెట్టిన సార్.
నా పేరు సగంల ఆగి
గీత పక్క గడిలకు పోయింది.
గా ఫైలు మీ బీరువాలనే ఉంటది,
తీసి చూడుండ్రి.