సరుకెంతో తెలీని పాట

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్లో, చెప్పుల షాపు మీద మేడ.
గుండ్రంగా ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు.
ఒకదానికి కాలు వంకర.
ఆలస్యంగా వచ్చినవాళ్లకి అదే.
నేను కళింగపట్నం బస్సులో వస్తాను కాబట్టి
రోజూ అది నాదే.

పట్నాయక్ మాస్టారు సెల్‌ఫోన్లో పన్నెండు నిమిషాలు పెడతారు.
ఒళ్లో లాంగ్‌బుక్కు. అందులో మా పేర్లు.
ఎవరు నోరు తెరిస్తే వాళ్లకో గీత.
కూర్మారావుకి పదకొండు.
హేమసుందర్‌కి తొమ్మిది, అందులో నాలుగు
"నా మిత్రుడు చెప్పినదానికి కొనసాగింపుగా" అన్నవే,
మిత్రుడేం చెప్పాడో వినకుండా.
ప్రణవి శాతాలు తెస్తుంది, దశాంశాలతో సహా.
దాలినాయుడు బల్ల లేకపోయినా బల్ల గుద్దుతాడు,
తన తొడ మీదే.
నాకు సున్నా.
సున్నా కూడా గీతే కదండీ, కాస్త వంగింది,
అందామనుకుంటాను. అదీ అనను.

మాటలు లేక కాదు.
రాత్రి అద్దం ముందు అన్నీ వస్తాయి, వరసగా, బుద్ధిగా.
ఇక్కడ మాత్రం
ఒకరి వాక్యానికీ ఇంకొకరి వాక్యానికీ మధ్య దూరడమంటే
మూసుకుంటున్న తలుపు సందులో వేలు పెట్టడమే.

మొన్నటి విషయం: చిల్లర కొట్లని పెద్ద కంపెనీలు బతకనిస్తాయా.
రెండో నిమిషానికే ఏడు గొంతులు లేచాయి.
కింద చెప్పుల షాపతను పైకొచ్చి, తొంగిచూసి పోయాడు.
మాస్టారు లాంగ్‌బుక్కు ఠప్పున మూశారు.
"గ్రూప్ డిస్కషనా ఇది, చేపల బజారా!"

నాకు నవ్వొచ్చేసింది.
వారం రోజుల్లో నా నోట్లోంచి వచ్చిన మొదటి చప్పుడు.
"ఏమ్మా, ఎందుకు నవ్వు?"
"చేపల బజారు ఇలగుండదండి," అన్నాను,
"ఇలగుంటే సరుకు కుళ్లిపోద్ది."

ఇక ఆగలేదు.
నాలుగున్నరకి పడవ ఒడ్డెక్కుతుందండి.
ఇసకలో కానాగంతల కుప్ప.
సూరాడ ఎర్రన్న పాట మొదలెట్టి ఒక అంకె విసురుతాడు.
మా అమ్మ పోలమ్మది నలుగురి జట్టు,
ఒక్కర్తీ కొనలేని కుప్పకి నలుగురి డబ్బులు.
ఒకామె కళ్లు చేపల మొప్పల మీద,
ఒకామెవి ఎర్రన్న మొహం మీద,
ఇంకొకామె ఐసు బండి వచ్చిందో లేదో రోడ్డు చూస్తుంది.
అమ్మ చెయ్యి దానమ్మ పిన్ని కొంగు కింద.
అక్కడ వేళ్లు మాటాడుకుంటాయి.
ముగ్గురు ముందుకన్నా
ఒక్క వేలు ముడుచుకుంటే ఆగాలి,
కుప్ప పోతే పోనీ.
మునిగితే నలుగురూ మునగాలి కదండీ మరి.

సెల్‌ఫోన్ ఎప్పుడు మోగిందో తెలీదు.
మాస్టారు నా పేరు పక్కన ఒక గీత గీశారు.
"ఒక్కటే. కానీ బారెడుంది.
మధ్యలో ఒక్కరినీ రానిచ్చావా?"

నిజమే. రానివ్వలేదు.
కూర్మారావు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు, చూశాను కూడా.

రేపు విశాఖపట్నంలో అసలుది.
ఆమదాలవలసలో తెల్లవారు పాసింజరు ఎక్కాలి.
అమ్మ తక్కెడ కడుగుతూ అడిగింది.
"ఎంతమందే?"
"గుంపుకి పదిమంది."
"సీట్లెన్ని?"
"తెలీదమ్మా. చెప్పరు."
"అయితే సరుకెంతో తెలీకుండా పాటకెల్తన్నావన్నమాట."
కాసేపు తూకం రాళ్ల చప్పుడు.
"పక్కన కూకునోలు ఎవులు?"
"పోటీవాళ్లు."
"దానమ్మా పోటీదే మొదట్ల.
ఓపాలి నా జుట్టట్టుకుంది."

అంతే. నీళ్లు పారబోసి లోపలికెళ్లిపోయింది.
ఆ తర్వాతేమైందో అడగాలి,
రైలుకి ముందు టైముంటే.

ఫైల్లో సర్టిఫికెట్లు సర్దాను.
ఇస్త్రీ మడత నలగకుండా చున్నీ మీద పెట్టాను.
కొంగంత వెడల్పు లేదు గానీ
కింద అయిదు వేళ్లు పడతాయి.