వెనక సీట్లో నీళ్లు

కారు నేర్చుకుని నలభై రోజులు.
కనిగిరి దాటేదాకా రెండో గేరే.
వెనక ఇరవై లీటర్ల నీళ్ల క్యాను,
దానికి బెల్టు పెట్టింది మా మస్తానమ్మత్త.
తను పెట్టుకోలేదు.
"నేను దొర్లినా లేస్తాలే, అది దొర్లితే లేవదు" అంది.

ఉగాదికింకా పన్నెండు రోజులు.
మోదుగలు చూడాలంట.
కింద కూర్చోడం పోయినేడే మానేసింది,
ఈ ఏడు మెట్లు దిగడం.
మోకాళ్ల సంగతి ఎత్తితే మాట మారుస్తుంది:
"పూలు ఆగవు గదమ్మా."

రోడ్డుకి రెండు పక్కలా
పోయినేడాది బీళ్లు, అంతకుముందేడాది బీళ్లు,
ఎవరూ లెక్కపెట్టని బీళ్లు.
సర్కారు తుమ్మ ఒక్కటే
కౌలు కట్టకుండా సాగు చేసుకుంటోంది.
ఎండిన బత్తాయి తోటొకటి, వరస మాత్రం తప్పలేదు,
బడి మూసేసినా ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లాగా.
వాటి మధ్యలో కానుగ, నిన్నటి చిగురుతో.
ఎవరు పోశారు దీనికి నీళ్లు?
అంత పచ్చ చూసి
ఎందుకో నాకు కొంచెం కోపమొచ్చింది.

పామూరు రాకముందే పొగాకు బ్యార్నీల వాసన.
అద్దం దించి అత్త గుండె నిండా పీల్చింది.
పదమూడేళ్లప్పుడు కర్రలకి ఆకు అల్లిందంట,
చేతి జిగురు అన్నంలోకి దిగి ముద్ద చేదయ్యేదంట.
"ఆ చేదే ఇప్పుడు మంచి వాసన. ఏందో!"

వంతెన. బోర్డు మీద ఏటి పేరు సగం చెరిగింది.
కింద ఇసకలో ట్రాక్టరు చక్రాల గుర్తులు
ఏరు పారినట్టే వంకర్లు తిరిగి పోతున్నాయి.

దుత్తలూరు దగ్గర గొర్రెల మంద రోడ్డెక్కింది.
ఆపడం ఒక్కటే నాకు బాగా వచ్చు, ఆపాను.
కాపరి కుర్రాడు అద్దంలోంచి మమ్మల్ని కాదు,
క్యానుని చూశాడు.
అత్త డోరు తీసింది.
ముందు వాడు, తర్వాత వాడి సీసా,
తర్వాత టిఫిను మూతలో నిన్న పుట్టిన పిల్ల.
"యావూరి నీళ్లు?" అడిగాడు.
"కొన్నయ్యి" అంది అత్త.
అలాంటి ఊరొకటి ఉన్నట్టే తలూపాడు.

ఉదయగిరి కొండ ఎదురయ్యే మలుపు.
నేను స్టీరింగు చూసుకుంటున్నా, ముందు అత్తే చూసింది.
"ఆపు."
ఒక్క ఆకు లేదు.
బొగ్గులాంటి కొమ్మలకి చిలక ముక్కులు,
కొండ పాదం పొడుగునా, రాళ్ల మీద, రోడ్డు మీద,
మేకలు నమిలి వదిలేసినవి కూడా
ఇంకా మండుతూనే ఉన్నాయి.
డోరు పట్టుకుని, తర్వాత నా భుజం పట్టుకుని దిగింది.
కింద పడ్డవే ఏరింది.
నేను వంగబోతే వద్దంది.

అరవై రెండేళ్లలో
అత్త నోరు తెరిచిన ఫోటో ఒక్కటీ లేదు.
పెళ్లి ఫోటోలో కూడా పెదాల మీద కొంగే.
చిన్నప్పటి బావి నీళ్లు
పళ్ల మీద గోధుమ రంగు గీతలు గీశాయి;
ఆ ఊళ్లో అందరికీ గీశాయి,
అందరూ మూసుకునే నవ్వుతారు.
ఇప్పుడు కొంగంతా పూలే.
అడ్డం పెట్టుకోడానికి ఏం మిగల్లేదు.
నవ్వింది.

ఫోటో కొంచెం కదిలింది.
ఇంకోటి తియ్యనివ్వలేదు.

వచ్చేటప్పుడు ఖాళీ క్యాను
బెల్టు కింద గడగడమంటూనే ఉంది.
అత్త నిద్రపోయింది, నోరు తెరుచుకుని, ఒళ్లో పూలతో.
లేపకుండా
మూడో గేరు వేశాను.