ఇంటిపేరు కాదు, ఇంట్లో పేరు

నెల్లూరు పొగతోటలో, మూడో అంతస్తులో,
కిటికీల్లేని గది.
బయట రోహిణి కార్తె రోళ్ళు పగలగొడుతుంటే
ఇక్కడ రెండో మంచం మీద
వెన్నుకి మత్తు ఇచ్చిన మనిషి
పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతున్నాడు.
దుప్పటి మీద దుప్పటి కప్పుతున్నాను.
నా చేతులూ వణుకుతున్నాయి,
నాకెవరూ ఏ మత్తూ ఇవ్వలేదు.

చేరి పదకొండు రోజులు.
తెల్ల బూట్లు ఇంకా కరుస్తున్నాయి.
నాలుగేళ్ళు చదివిన పుస్తకాల్లో
రోగి ఎప్పుడూ బొమ్మలో ఉండేవాడు,
వెల్లకిలా, బుద్ధిగా,
బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు ఊపిరి తీస్తూ.
బొమ్మకి గురక ఉండదు.
గురక ఉన్నట్టుండి ఆగడం ఉండదు.

మొదటి మంచంలో ఆగింది.

తొంభై ఆరు. తొంభై ఒకటి. ఎనభై నాలుగు.
మానిటర్ గొంతు దిగిపోతోంది
బావిలోకి బొక్కెన జారినట్టు.
"మునగాల వెంకట రమణారెడ్డి గారూ" అన్నాను,
కేస్ షీట్లో ఉన్నది ఉన్నట్టు,
బ్యాంకులో టోకెన్ పిలిచినట్టు.
సంపూర్ణమ్మ సిస్టర్ వచ్చింది. పరిగెత్తలేదు.
ఆమె పరిగెత్తగా ఎవరూ చూడలేదంట.
దవడ కింద వేళ్ళు పెట్టి గడ్డం ఎత్తింది,
చంటిపిల్లకి బొట్టు పెట్టడానికి ఎత్తినట్టు.
"ఒరే రవణా! ఊపిరి తీసుకో నాయనా. గట్టిగా."
తీసుకున్నాడు.
అప్పుడు నేనూ తీసుకున్నాను.

"ఇంటిపేరు కాదు మే, ఇంట్లో పేరు కావాల"
అంది చేతులు కడుక్కుంటూ.
"మత్తులో ఉండే మనిషి
ఆధార్ కార్డు పేరుకి పలకడు."

అప్పట్నించి
థియేటర్ తలుపు మూసుకోగానే
బయట బెంచీల దగ్గరికి పోతాను.
ఇంట్లో ఏమని పిలుస్తారు?
కోవూరు మాస్టారి భార్య తల దించుకుంది:
పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదంట,
"ఏమయ్యో" అంటే చాలంట.
అల్లూరు రొయ్యలగుంటల కాపలాదారు "పిల్లోడు".
అరవై రెండేళ్ళు.
వీటికి కేస్ షీట్లో గడి లేదు.
మైక్రోపోర్ ముక్క మీద రాసి
జేబుకి అంటించుకుంటాను.
డ్యూటీ దిగేసరికి నా జేబు నిండా
ఎవరెవరి ముద్దుపేర్లో.

మొన్న ఒకామెకి బెంచీ మీద ఎవరూ లేరు.
జువ్వలదిన్నెలో ఎండుచేపలు అమ్ముతుందంట. తుంటి ఎముక.
తీసుకొచ్చిన ఆటో అబ్బాయి
ఇంకో బాడుగ తగిలి వెళ్ళిపోయాడు.
పోలేరమ్మా అన్నాను. పలకలేదు.
అవ్వా అన్నాను, పెద్దమ్మా అన్నాను,
నాకు తెలిసిన వరసలన్నీ అయిపోయాయి.
సంపూర్ణమ్మ సిస్టర్ సెలవు.
డాక్టరు చూసి, కాసేపు ఆగమన్నాడు.
అంకెలన్నీ బాగున్నాయి,
ఆమె మాత్రం రావట్లేదు.
చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.
ఉప్పుకి చీలిన వేళ్ళు.
మా అమ్మ పొదలకూరు యార్డులో నిమ్మకాయలు ఏరుతుంది,
ఆ వేళ్ళూ ఇట్నే ఉంటాయి.
ఏమనిపించిందో,
"నెత్తళ్ళు ఎట్టిస్తావమ్మే?" అన్నాను.

కళ్ళు తెరవకుండానే అంది:
"ముందు గంప దించనీ."

లేచి, గాల్లోకి రెండు చేతులూ చాపి
ఒక చెయ్యి వేశాను.

వార్డుకి పంపేటప్పుడు నా మొహం చూసి
"నువ్వెవురు పాపా?" అంది.
ఇక్కడ అంతే.
కోసిన డాక్టరు గుర్తుంటాడు,
వార్డులో కాఫీ పోసిన ఆయమ్మ గుర్తుంటుంది.
మధ్యలో ఒక గంట ఎవరికీ లెక్కలో ఉండదు.
మా జీతం ఆ గంటకే.

నైట్ దిగి హాస్టల్లో పడుకున్నాను.
ఎవరి ఫోనో సన్నగా మోగి,
మోగి, గొంతు దిగింది.
తెలివొచ్చేసరికి
పక్క మంచంలో హెప్సిబా గడ్డం కింద
నా రెండు వేళ్ళు.
"బతికే ఉండాను మే, వదులు" అంది నిద్రలో.

రెండు ఊపిర్లు లెక్కపెట్టి
వదిలాను.