కతకు ఏమేం కావల్ల

అన్నం తిన్నాక నాలుగో తరగతి
సగం నిద్రలో ఉంటుంది.
పాలిష్ ఫ్యాక్టరీ రంపానికి నిద్ర లేదు,
బడి గోడ అవతల బండను కోస్తానే ఉంటుంది.
ఎర్రగుంట్ల దాటి ఇట్లా లోపలికొస్తే
గొంతు పెంచకుండా ఏ పాఠమూ చెప్పలేం.

బోర్డు మీద రాశాను:
ఎవరు? ఎక్కడ? ఏం కావాలి? ఏం అడ్డమొచ్చింది? చివరికి?
ట్రైనింగులో చెప్పినట్టే,
ఐదు ప్రశ్నలకు ఐదు వేళ్లు.

బొటనవేలు పట్టుకున్నాను. ఎవరు?
"రాజు" అన్నారు అందరూ.
రాజు వద్దు, మీరు చూసినోళ్లు ఎవరైనా.
కాసేపు ఎవరూ నోరు మెదపలేదు.
చూసినోళ్లు కూడా కతలోకి రావచ్చని
వీళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

వెనక వరసలోంచి హుసేనమ్మ:
"మేక, టీచర్. మా చిన్నమ్మోళ్లది.
ఒక కొమ్ము ఇరిగిపోయింది."
ఎక్కడ?
"పాత గని కాడ."
చూపుడువేలు అక్కడే కాసేపు ఆగింది.
ఆ గని నాకూ తెలుసు.
బండ తీసినంత మేర నలుచదరంగా
ఆకుపచ్చ నీళ్లు. గట్టుకు కంచె లేదు.

మేకకు ఏం కావాలి?
పద్దెనిమిది గొంతులు ఒకేసారి, "నీళ్లు!"
ఓబులేసు ఒక్కడే "కొమ్ము" అన్నాడు.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండాల్సింది.

ఉంగరపు వేలు. ఏం అడ్డమొచ్చింది?
ఇక నిద్ర ఎగిరిపోయింది తరగతికి.
జారే బండ. తెగిన పలుపు.
వాచ్‌మన్, వాని కుక్క.
రివర్సు తీసుకుంటా వచ్చే లోడు లారీ.
బాకీ కింద మేకను పట్టకపోయే మేస్త్రీ.
ఎంత రాసినా ఇంకోటి ఉండాది అంటారు.
బోర్డు నిండిపోయింది,
నేల మీద రాయండన్నాను.

మా బడి నేలంతా నల్లబండే.
ఎవరికీ అమ్ముడుపోని ముక్కలు ఏరి
ఊరోళ్లే పరిచిపోయారు.
సుద్దముక్కల కంటే ముందు బండల కోసం తగువు.
"ఇది మా నాయన కొట్టిన బండ,
ఉలిగాటు చూడు, ఎడమచేతి గాటు."
మోకాళ్ల మీద పాక్కుంటా పాక్కుంటా
బండకొక కష్టం రాశారు.
గడప దాకా వచ్చింది.

చిటికెనవేలు మిగిలింది. చివరికి?
అప్పుడే కరెంటు పోయి రంపం ఆగింది.
అంత నిశ్శబ్దం అలవాటు లేక
ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.
"నీళ్లు తాగి ఇంటికి పోయింది" అంది హారతి,
చప్పున, లెక్కకు జవాబు చెప్పినట్టు.
"యాడ పోతాది?" అన్నాడు పెంచలయ్య.
"ఇన్ని రాస్తిమి గదా.
కాలు పెట్టేకి చోటే ల్యాకపాయె."

నిజమే. నేనే నిలబడే చోటు లేక
కుర్చీకి అతుక్కుని ఉన్నాను.

హుసేనమ్మ లేచి, ఏ అక్షరమూ తొక్కకుండా
గెంతుకుంటా గెంతుకుంటా తలుపు మూలకు పోయింది.
అక్కడ కొన విరిగిన చిన్న బండ,
ఎవరూ మాది అనలేదు దాన్ని.
దాని మీద మేకను గీసింది, ఒంటికొమ్ముతో,
మొగం బయటికి తిప్పి.
"అది ఇంగా ఆలోచన చేస్తాంది, టీచర్."

గంట కొట్టారు.
రిజిస్టరులో రాశాను: కథాంశాలు, పూర్తి.
రాసి, పూర్తి అన్న మాటను చాలాసేపు చూశాను.

పొద్దున వచ్చేసరికి ఆయమ్మ
తడిగుడ్డతో కష్టాలన్నీ తుడిచేసింది.
ఆరీ ఆరని నల్లబండ తళతళ.
తలుపు మూల మాత్రం వదిలేసింది.
మేక అక్కడే ఉంది,
రెండు కొమ్ములతో.
కొత్త కొమ్ము మేకంత పొడుగుంది,
పక్క బండ మీదికి కూడా పోయింది.

ఎవరు? అనడిగాను.
పద్దెనిమిది మందీ
రంపం చప్పుడు వింటున్నట్టు కూర్చున్నారు.