రంగుకి మూడు మార్కులు

పీణ్యాలో ఒకప్పుడు బోల్టులు చేసిన షెడ్డు.
ఆదివారం పొద్దున పదింటికే నా ముందు
ఆరు గ్లాసులు, ఉప్పులేని బిస్కెట్లు, చెక్కిన పెన్సిలు.
నాలుక చెడుతుందని కాఫీ కూడా తాగలేదు.
బెంగళూరులో ఇంతకు మించిన ఉపవాసం లేదు.

మునిరాజు సీసాలు తెస్తాడు. మూతల మీద నంబర్లే.
ఎవరు కాచారో, ఏ వీధో, ఎవరి పిల్లలో
మాకు తెలియకూడదు.
నురుగు నిలిచిందా, తేటగా ఉందా, గడ్డిరంగా, రాగిరంగా,
చూపుకి యాభైలో మూడే మార్కులు.
ఆ పట్టిక మొదటిసారి చదివి చాలాసేపు నవ్వాను.
మా పెద్దక్క పెళ్లిచూపులకి
దాన్ని ఎవరూ పట్టుకు రాలేదు.

జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం
వాసన రావాలి.
పిల్స్‌నర్‌లో అవే వస్తే కొట్టివేత.
తప్పు అరటిపండుది కాదు, చిరునామాది.
బెల్జియం పులుపులో గుర్రపు చెమట గొప్ప,
అదే వాసన స్టౌట్‌లో తగిలితే
పీపా కడగలేదంటాం.
"బాగుందా అని కాదమ్మా, అది అదేనా అని చూడు"
అంటాడు పొన్నప్ప, ఇరవై ఏళ్ల జడ్జి.

నలభై ఏడు. లాంబిక్ వరసలో పెట్టారు.
గంజిరంగు. ముక్కు దగ్గరికి రాగానే
పోద్దాటి కల్లు,
ఎండ ఎక్కాక నాయిన లొట్టి అడుగున మిగిలేది.
ఆయనకీ ఉండేవి వరసలు:
పోద్దాటి, పరుపుదాటి, పండుదాటి.
ఈత వేరే సంగతి.
గట్టుమీది వంకరదానిది తీపి, వాగు పక్కదానిది వగరు,
కళ్లు మూసుకుని చెప్పేవాడు.
మార్కులు మాత్రం ఆయనే వేయించుకున్నాడు,
నా బడి ఫారంలో, కేటగిరీ అన్న గడిలో.

పొన్నప్ప పదిహేడు వేశాడు. "లాంబిక్ కాదిది."
నేను ముప్పై ఎనిమిది.
ఇద్దరికీ ఏడు మించి తేడా రాకూడదు, నియమం.
మాట్లాడుకున్నాం, కన్నడంలో, కాస్త గట్టిగానే.
ఆయన ఇరవై ఆరుకి ఎక్కాడు.
నేను ముప్పై మూడుకి దిగాను.

ఎక్కేటప్పుడు ఎవడైనా జాగ్రత్తపడతాడు,
దిగేటప్పుడే మోకు చూసుకోవాలి, అనేవాడు నాయిన.

వ్యాఖ్యల గడిలో రాశాను:
ఈ వరసకి సరిపోదు. వరస చాలదు.
రెండో వాక్యం కొట్టేయమన్నాడు పొన్నప్ప.
కొట్టేయలేదు.

జడ్జీలు రెండు గుక్కలే తాగాలి.
మునిరాజు నలభై ఎనిమిదోది తెచ్చి
ఖాళీ గ్లాసు చూసి, ఏమీ అనకుండా తీసుకెళ్లాడు.