న్యూట్రల్ల ఉన్నంతసేపు

వాడపల్లిల సిమెంటు ఎత్తుకొని
అర్ధరాత్రి బయలెల్లిన బండి
మిర్యాలగూడ బైపాసుల మా షెడ్డు ముందట
మూడు దాటినంక వచ్చి ఆగింది.
సైకిలు మీద వచ్చినా ఇంతసేపు పట్టదు.

"నాలుగు దాక మంచిగనే పడ్తది,
ఐదు ఎయ్యంగనే ఒకటి పడ్తది," అంటడు మంగ్తా నాయక్.
"ఇంజను గొంతు చించుకుంటది,
ఎనకొచ్చెటోళ్లు తల్లిని అక్కను తిడ్తరు."
గేరు రాడ్డు మీది బటన్‌ను
ఎత్తి దించి, ఎత్తి దించి సూపిస్తడు
పలకని ఇంటి తలుపు కొట్టినట్టు.

మా నాయిన భిక్షమాచారి మెడ తిరగదు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన ఎముకలు.
నడుము వంగదు, మోకాలు ముడవదు.
ఇనుప కుర్సీల నిటారుగ కూసుంటడు,
మనిషిని సూడాల్నంటే కుర్సీ మొత్తం తిప్పాలె.
బండి కిందికి పోయేది నేను.
చెవి మాత్రం ఆయనది.

"బటన్‌ను కొట్టకు నాయకా,
అది గేరు మార్చదు.
ఒక మాట చెప్పి ఊకుంటది, అంతే.
ఆ మాట అందుకున్న గాలి
సన్న పైపుల నిలబడి ఎదురు సూస్తది.
రాడ్డు నాలుగుల ఉన్నంతసేపు దానికి తొవ్వ లేదు.
నువ్వు క్లచ్ తొక్కి, నాలుగు ఇడిచి,
ఏ గేరుకూ చెందని ఆ నడుమ జాగల
జర్రంత ఆగితివా,
అప్పుడు వాల్వు తలుపు తీస్తది.
ఎనక డబ్బాల పిస్టను దూకుతది,
ఫోర్కు జరుగుతది,
నడుమ సూర్యుని లెక్క ఒక చక్రం,
దాని సుట్టు పొర్లాడే చిన్న పండ్ల చక్రాలు,
ఒకదాన్నొకటి పట్టుకొని
అన్నీ ఒక్క ముద్దయి తిరుగుతయి.
ఒకటి ఉన్న గుంతలనే ఐదు పుడ్తది.
చెయ్యి పోయేది పాత జాగకే,
బండి పోయేది కొత్త ఉరుకుల."

"మరి నాకెందుకు పుడ్తలేదు?"

నాయిన చెయ్యెత్తిండు.
రోడ్డు మీద టిప్పర్లు, దూరంగ రైసుమిల్లు హోరు,
షెడ్డు రేకుల మీద ఎలుక.
వాటన్నిటినీ ఒక్కొక్కటిగ పక్కకు జరిపి విన్నడు.
"సరూపా, ఎడమ దిక్కు.
వాల్వు ఊపిరి ఇడిచే రంధ్రం కాడ.
జలుబు చేసిన చంటిపిల్ల లెక్క ఉన్నది సూడు."

సర్ఫు నురుగు పూసిన.
ఒక బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్ల ఉబ్బింది
టార్చిలైటు ఎలుగుల ఏడు రంగులేసుకొని.

సిలిండరు ఇప్పితే తుప్పునీళ్లు, నల్ల జిగురు.
గాలి ట్యాంకు నీళ్లు ఇడవక ఎన్ని నెలలాయెనో!
పిస్టను నడుముకు కట్టిన రబ్బరు రింగు
ఒక్కకాడ, గోటితోటి గీరినంత, తెగి ఉన్నది.
ముందట ఉండాల్సిన గాలి
ఆ సందుల నుంచి ఎనకకు జారుకుంటున్నది.

"మెలి పడనియ్యకు.
గ్రీజు పల్చగ. వేలుతోటి సుట్టూ తడిమి సూడు."
కింద పండుకున్న నాకు ఆయన చెప్పులే కనపడ్తయి,
ఇంకా గోడ మీద నీడ.
ఆ నీడల ఆయన వేళ్లు, ముడవరాని వేళ్లు,
నా వేళ్లెటు పోతే అటు పోతున్నయి.

"ఎంతాయె, చారీ?"
"రింగుకు అరవై. బిడ్డకు కూలి నాలుగు వందలు.
చెవికి నీ ఇష్టం."

మబ్బుల్నే ఎల్లింది బండి.
ఒకటి. రెండు. మూడు.
పెట్రోలు బంకు దాటినంక నాలుగు.
నాయిన ఒక వేలు పైకి పట్టుకున్నడు.
ఇంజను గొంతు దిగింది,
బండి ఎటూ కాని జాగల ఉన్నది,
నేను చేతులు తుడుసుకునుడు ఆపిన.
గాలి "టస్"మన్నదో లేదో నాకైతే ఇనరాలే.

"పడ్డది," అన్నడు, వేలు దించి.

కొద్దిసేపటికి
కుర్సీ జర తూర్పుకు తిప్పుమన్నడు.